తొక్కు, పట్టు, వదులు

మా ఆయనకీ మా మామయ్యకీ మాటలు ఆగిపోవడానికి కారణం ఒక గుంట.

మామయ్య ఉద్యోగం చేసినంత కాలం ఒకే లారీ నడిపారు. అన్నేళ్ళు ఒకే మనిషి కింద ఉంటే సీటు మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? లోపలికి దిగిపోయింది. మామయ్య వెనకభాగం అచ్చు పోసినట్టు గుంట పడింది, ఎడమవైపు కాస్త లోతుగా. ఆయన పని మానేశాక లారీ మా ఇంటి పక్క షెడ్డులో తుప్పు పట్టుకుంటూ నిలబడిపోయింది. ఈమధ్య మా ఆయనకి దాన్ని బాగుచేసి, సింగారించి, రోడ్డెక్కించాలని బుద్ధి పుట్టింది. ఆయన పొద్దస్తమానం గేట్లకీ కిటికీలకీ వెల్డింగు చేసే మనిషి. ఇంటికొచ్చి సేద తీరడానికి మళ్ళీ వెల్డింగే చేస్తాడు.

"ఎందుకండీ ఇదంతా?" అని అడిగాను మొదట్లో.

"ఊరికే," అన్నాడు.

"ఊరికేనట," అంది అత్తయ్య గడపలోంచి. "నీకు రేపు తెలుస్తుందే. నేను కాపురానికొచ్చిన రోజే మీ మామయ్య నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళి దణ్ణం పెట్టమన్నాడు. ఆ సవతి ఇంకా చావలేదు." అత్తయ్య ఆ లారీని ఎప్పుడూ పేరుపెట్టి పిలవదు. సవతి అనే అంటుంది.

మా ఆయన మొట్టమొదట చేసిన పని, ఆ గుంట సీటు ఊడదీసి షెడ్డు వెనక పారేసి, దాని చోట ఎర్ర రెగ్జినుతో సోఫాలాంటి సీటు బిగించడం. మామయ్య వచ్చి చూశారు. అరచేత్తో కొత్త సీటు నొక్కారు. నొక్కిన చోటు వెంటనే పైకి లేచింది.

"దీనికి పెద్దా చిన్నా లేదు," అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, నేనింక వాడితో మాట్లాడనని వాడికి చెప్పు," అన్నారు.

'వాడు' అక్కడే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడున్నాడు. "సరేనని చెప్పు," అన్నాడు.

తొమ్మిదితోనే బడి మానేసిన నాకు అలా కూర్చున్నచోటే ఉద్యోగం దొరికింది. రాయబారి ఉద్యోగం. అత్తయ్యని కూడా అడిగారు గానీ ఆవిడ ఒప్పుకోలేదు. "మీ నాన్నతో చేసిన కాపురం చాలదా, మళ్ళీ ఆయన మాటలు మోసుకు తిరగాలా?" అని తలుపేసుకుంది.

నా ఉద్యోగంలో ముఖ్యమైన పని కత్తిరింపు. మామయ్య మాటలో సరుకు తక్కువ, తిట్టు ఎక్కువ. ఉన్నదున్నట్టు అందిస్తే ఆ షెడ్డులో పానాలు గాల్లో ఎగురుతాయి. అందుకని తిట్లు తీసేసి మిగిలింది అందించేదాన్ని. మా ఆయన లారీకి లేత ఆకుపచ్చ రంగు వేసిన రోజున మామయ్య, "ఐస్‌క్రీము బండి అనుకుని వీధిలో పిల్లలంతా వెంటపడతారని చెప్పు ఆ వెధవకి," అన్నారు. నేను వెళ్ళి, "రంగు పిల్లలకి బాగా నచ్చుతుందంటున్నారు," అన్నాను. మా ఆయన మురిసిపోయి ఇంకో పూత వేశాడు.

ఇటునుంచి అటు వెళ్ళేవాటికీ అదే మర్యాద. "ఆయన కాలం బండి కాదిది, నోరు మూసుకుని కూర్చోమను," అని మా ఆయన అంటే, "మీరు కాసేపు కూర్చోండి మామయ్యా, అలిసిపోయారు," అని కుర్చీ వేసేదాన్ని. ఇద్దరికీ ఒకళ్ళమీద ఒకళ్ళకి గౌరవం పెరుగుతోందని కూడా అనిపించింది నాకు ఒక దశలో.

ఈ రాయబారం కంటే నాకు పెద్ద బెంగ ఇంకొకటుంది. మా పిల్ల.

నడక వచ్చి, మాటలు అప్పుడప్పుడే వస్తున్న వయసు. పొద్దున లేచిన దగ్గర్నుంచి షెడ్డులోనే ఉంటుంది. ఏ క్షణాన గుప్పిలి విప్పినా అందులో ఒక నట్టు. అందుకని వాళ్ళ నాన్న దాన్ని నట్టు అనే పిలుస్తాడు. ఎక్కడ మింగుతుందోనని రోజుకి నేను దాని నోట్లో వేలు పెట్టి ఎన్నిసార్లు తిప్పేదాన్నో, నన్ను చూస్తేనే అది పళ్ళు బిగించేది. నాకు భయపడటం చేతి పని లాంటిది. వంట చేస్తూ చేస్తూ కూడా చేసుకోగలను. జాకీ జారినట్టు, డోరు ఊడినట్టు, టైరు పేలినట్టు రకరకాలుగా బొమ్మ కట్టుకుని, అన్నిటిలోనూ పిల్లని మధ్యలో నిలబెట్టి, గుండె దడదడలాడించుకుని, ఆ తరవాత పోపు వేసేదాన్ని.

ఆ షెడ్డు మొత్తం మీద నాకు నచ్చిన వస్తువు ఒక్కటే. పారేసిన ఆ గుంట సీటు. దాన్ని ఈడ్చుకొచ్చి వరండాలో వేసి, దుప్పటి పరిచి, మధ్యాహ్నాలు నట్టుని అందులో పడుకోబెట్టేదాన్ని. మంచం మీంచి రెండుసార్లు దొర్లిపడ్డ పిల్ల ఆ గుంటలోంచి ఇంతవరకూ ఒక్కసారి పడలేదు. చుట్టూ గట్టు, మధ్యలో పిల్ల. మామయ్య అటుగా వెళ్తూ చూసి, "నా కష్టం విలువ ఈ ఇంట్లో తెలిసింది దీనికొక్కదానికే," అనేవారు.

ఇదంతా ఇలా ఉండగా మా ఆయన నట్టుకి ఒక మాట ఇచ్చేశాడు. లారీ తయారవగానే మొదటి సవారీ దానిదేనని. మా వీధి కొంచెం పల్లంగా దిగుతూ వెళ్ళి, చివర సెలూను దగ్గర మలుపు తిరుగుతుంది. అక్కడిదాకా వెళ్ళి రావడం. పిల్లకి అర్థమైందో లేదోగానీ, ఆ రోజు నుంచి బోనెట్టు మీద గుద్దుతూ "పోదాం, పోదాం," అని ఒకటే గోల.

"బ్రేకులు సరిగ్గా పడేదాకా పిల్ల ఎక్కదు," అన్నాను.

"బ్రేకులు వేయకుండా ఎవడు ఎక్కిస్తాడే?"

"వేయడం కాదు. పడాలి. నేను చూడాలి."

"నీకేం తెలుస్తుంది?"

"ఆగిందో లేదో తెలుస్తుందిగా. అందుకు పది పాసవ్వక్కర్లేదు."

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సరే, బ్రేకుల పని రానే వచ్చింది. కొత్త గొట్టాలు వేశాడు, వాటిలో బ్రేకు ఆయిలు పోశాడు. మిగిలింది గాలి తీయడం. నాకు నీళ్ళ సీసా పట్టుకుని విడమరిచి చెప్పాడు. గొట్టం నిండా ఆయిలే ఉంటే పెడలు తొక్కగానే ఆ ఒత్తిడి చక్రం దాకా పోతుంది. మధ్యలో గాలి బుడగలుంటే నువ్వు తొక్కిందంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రానికి కబురు అందదు. కాబట్టి ఒకళ్ళు పైన పెడలు తొక్కి పట్టాలి. ఇంకొకళ్ళు లారీ కింద దూరి, చక్రం దగ్గరున్న చిన్న మర వదులు చేసి, గాలి బుస్సుమని పోయాక మళ్ళీ బిగించాలి. బిగించాకే పైవాళ్ళు కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి పోయినట్టే లోపలికి వచ్చి కూర్చుంటుంది. తొక్కు, పట్టు, వదులు. ఇద్దరు మనుషుల పని. అరుచుకుంటూ చేసే పని.

ఆ ఇద్దరూ ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

మామయ్య పైన ఎర్ర సీటు మీద, దానికి తన బరువు తగలకుండా అంచున ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నారు. మా ఆయన కింద పడుకున్నాడు, కాళ్ళు మాత్రం బయటికి. మధ్యలో నట్టుని చంకనేసుకుని నేను.

"తొక్కమను," అన్నాడు కిందనుంచి.

మామయ్యకి చెవులు పాము చెవులు. అయినా కదల్లేదు. నా వైపు చూశారు.

"తొక్కమంటున్నారు మామయ్యా."

"అలాగే." తొక్కారు.

"పట్టమను!" అని మర తిప్పేశాడు ఆయన.

"పట్టమంటున్..." నేను అనేలోపు మామయ్య కాలు తీసేసి, మళ్ళీ తొక్కడానికి సిద్ధంగా కూర్చున్నారు. కింద బుడబుడమని చప్పుడైంది.

"పట్టమన్నానా?"

"పట్టమన్నారట మామయ్యా."

"వినబడింది. అధికారికంగా అందలేదు," అన్నారు మామయ్య తాపీగా.

అలా నాలుగు చక్రాలకీ చేశాం. నేను "పట్టండి" అనేసరికి ఆయన కింద "వదలమను" అనేవాడు. నేను "వదలండి" అనేసరికి ఇంకో "తొక్కమను" వచ్చి పడేది. నట్టుకి మాత్రం పండగలా ఉంది. నా చంకలోంచి "తొక్కూ! పత్తూ! వదులూ!" అని తనకి తోచిన వరసలో కేకలు పెడుతోంది. ఒకసారి మామయ్య దాని మాట విని కాలు తీసేశారు కూడా. "అది నాతో నేరుగా మాట్లాడింది," అన్నారు అడిగితే.

"చెడిపోయిందే పని!" అంది అత్తయ్య గుమ్మంలోంచి. "ఒక్క మాట నేరుగా అనుకుంటే మీ సొమ్మేం పోయింది? సవతికి కూడా సిగ్గేస్తోంది మిమ్మల్ని చూసి."

ఇద్దరూ విననట్టు ఊరుకున్నారు. ఈ విషయంలో మాత్రం తండ్రీ కొడుకులు ఒకటే.

అంతా అయ్యాక మామయ్య కాసేపు పెడలు తొక్కి చూసుకున్నారు. మెల్లిగా ఒకసారి, ఆగి ఇంకోసారి. కిందికి దిగుతూ పెదవి విరిచారు. "అమ్మాయ్, ఈ పెడలుకీ వాడికీ తేడా లేదని చెప్పు. మొదటిసారి చెబితే వినదు. రెండోసారి గట్టిగా చెబితేగానీ దారికి రాదు."

ఎప్పటిలాగే కత్తిరించడం మొదలుపెట్టాను. ఈసారి తిట్టు తీసేస్తే ఏమీ మిగల్లేదు. మా ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఏమంటాడు?" అని అడిగాడు.

"ఏం లేదు. ఊరికే తిట్టారు," అన్నాను.

మా ఆయన క్యాబినెక్కి పెడలు టకటకా నాలుగుసార్లు తొక్కాడు. ఆయనకి ఏ పనైనా టకటకా చేసే అలవాటు. "రాయిలా ఉందే!" అన్నాడు. నేను కూడా ఎక్కి, ఆయన చెప్పినట్టే టకటకా తొక్కాను. రాయిలాగే ఉంది.

ఇంకేం వంక మిగిలింది నాకు? నట్టు "పోదాం" అని జుట్టు పీకుతోంది. "పిల్లతో పాటు నేనూ ఎక్కుతాను," అన్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక లారీ షెడ్డులోంచి బయటికొచ్చింది. లేత ఆకుపచ్చ రంగు, కొత్త అద్దాలు, తోమి తోమి తళతళలాడించిన దీపాలు. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. అత్తయ్య కూడా ఓసారి చూసి మొహం తిప్పుకుంది. మామయ్య లోపలికి రమ్మంటే రాలేదు. "ఆ సోఫాలో కూర్చోడానికి నేనేమన్నా చుట్టాన్నా?" అని నాతో చెప్పి, లారీ పక్కనే నడక మొదలుపెట్టారు. మనిషి నడకంత వేగంతోనే వెళ్తున్నాం మరి.

నట్టు నా ఒళ్ళో ఉంది. దాని పొట్ట చుట్టూ నా రెండు చేతులూ తాళం వేసినట్టు బిగించాను. ఎదురుగా, పల్లం చివర, సెలూను ముందు అరుగు మీద మంగలాయన కుర్చీ బయట వేసుకుని ఎవరికో గడ్డం చేస్తున్నాడు. సగం మొహం నిండా నురగ.

"చూడు, ఎలా ఆగుతుందో," అని మా ఆయన బ్రేకు తొక్కాడు.

లారీ ఆగలేదు.

ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు, కాలు తీయకుండా, పళ్ళు బిగబట్టి, స్టీరింగు మీద పడుకున్నంత పని చేసి. పెడలు నేలకి తగులుకుని ఉంది. లారీ తన దారిన తాను పోతోంది. ఎడమచెయ్యి హ్యాండు బ్రేకు కోసం కిందికి వెళ్ళింది. అక్కడేమీ లేదు. హ్యాండు బ్రేకు రాడ్డు రంగు ఆరడానికి షెడ్డులో మేకుకి వేలాడుతోంది.

నేను కట్టుకున్న బొమ్మల్లో ఇది లేదు. నురగ మొహం మనిషి మెడకి తువ్వాలుతోనే లేచి నిలబడ్డాడు. మంగలాయన కత్తి మా వైపు చూపిస్తున్నాడు, దానికి భయపడి లారీ ఆగుతుందన్నట్టు. నేను పిల్ల మీద బోర్లా వంగిపోయాను. నా ఉద్యోగమే మాటలు చేరవేయడం, ఆ క్షణంలో ఒక్కటి కూడా దొరకలేదు.

అప్పుడు కిటికీ బయట్నుంచి ఒక గావుకేక.

"కాలు తీసి రెండోసారి తొక్కరా, గాడిదా!"

మా ఆయన కాలు తీశాడు. మళ్ళీ తొక్కాడు. లారీ ఒక్క కుదుపుతో నిలబడిపోయింది. బంపరు వెళ్ళి మంగలాయన కుర్చీని ముద్దు పెట్టుకున్నట్టు ఆనుకుని ఆగింది.

నట్టు తలెత్తి, "మల్లీ," అంది.

మా ఆయన దిగాడు. "ముందే చెప్పొచ్చుగా నాన్నా!"

"చెప్పానురా! మొదటిసారికి వినదు, రెండోసారికి వింటుందని దీంతో చెప్పి పంపించా!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. మంగలాయనా తిరిగాడు. నురగ మొహం మనిషి కూడా.

"అది... తిట్టనుకున్నాను మామయ్యా."

"నా తిట్లు ఉత్త తిట్లనుకున్నావా? వాటి నిండా విషయమే ఉంటుంది!"

"అంటే, ఇన్నాళ్ళూ నువ్వు సగం చెప్పి సగం మింగేస్తున్నావా?" అన్నాడు మా ఆయన.

"ఐస్‌క్రీము బండిలా ఉందన్న మాటైనా చెప్పిందా?" అన్నారు మామయ్య.

"ఐస్‌క్రీము బండా? పిల్లలకి నచ్చుతుందన్నావని చెప్పింది! ఇంకో పూత కూడా వేశాను!"

అన్నాళ్ళ తరవాత మాట కలిసిన తండ్రీ కొడుకులు చక్కగా ఒకళ్ళ పక్కన ఒకళ్ళు నిలబడి నన్ను దులిపేస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. నట్టుని చంకనేసుకుని లారీ దిగాను.

"మీ ఇద్దరి నోళ్ళకీ పుండ్లు పడ్డాయా, నేను మోయడానికి?" అన్నాను. మామయ్య ముందు ఎప్పుడూ అంత గొంతు లేవలేదు నాకు. "పొద్దున ఆ గాలి తీసేటప్పుడు ఒక్కమాట నేరుగా అనుకుని ఉంటే ఇది జరిగేదా? నా పిల్ల మీ ఇద్దరి మధ్య గాలి బుడగలా ఎగిరిపోయేది. మొదటిసారికే ఆగాలి. మొదటిసారికి! అప్పటిదాకా ఇది ఎక్కదు. ఇకమీదట మీ మాట ఒక్కటి కూడా నేను మోయను. మీకూ మీకూ పడకపోతే సైగలు చేసుకోండి."

వెనక్కి తిరిగి గబగబా ఇంటికి వచ్చేశాను. వెనకనుంచి మంగలాయన, "ఆవిడ చెప్పింది సబబుగానే ఉంది," అనడం వినబడింది. గుమ్మంలో అత్తయ్య నట్టుని అందుకుని, మొట్టమొదటిసారి నాకు ఆవిడే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు నేను వరండాలోంచి కదల్లేదు. షెడ్డులోంచి మొదట పానా కింద పడిన చప్పుడు. ఆ తరవాత మా ఆయన గొంతు, కష్టంగా.

"తొక్కు."

"తొక్కా."

"పట్టు."

"పట్టే ఉన్నా. నువ్వు తిప్పు ముందు."

"తిప్పుతున్నా. పట్టు! కదిలించకు!"

"నేను నీ వయసులో ఉండగా ఈ పని కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి."

"అందుకే అలా ఉండేది బండి. వదులు."

"నోరు అదుపులో పెట్టుకో. వదిలా."

కేకలు అలా సాగుతూనే ఉన్నాయి. మధ్యలో తిట్లు కూడా ఏ కత్తిరింపూ లేకుండా పూర్తిగా వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఒక్క పానా కూడా ఎగరలేదు. నేను అన్నాళ్ళూ అనవసరంగా కష్టపడ్డానేమో అనిపించింది. అత్తయ్య వింటూ వింటూ, "ఇంతకంటే మాటల్లేనప్పుడే హాయిగా ఉండేది," అంది.

మధ్యాహ్నం ఇద్దరూ వరండాలోకి వచ్చి నిలబడ్డారు. ముందు ఎవరు మాట్లాడాలో తేలక ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"నువ్వు చూస్తావా?" అన్నాడు మా ఆయన చివరికి.

వెళ్ళి క్యాబినెక్కాను. చెప్పులు విప్పి, ఒట్టి పాదంతో, టకటకా కాకుండా మెల్లిగా, ఒక్కసారి తొక్కాను. సగం దిగేసరికి పాదం కింద గోడ తగిలినట్టయింది. కాలు తీసి, చాలాసేపు ఆగి, మళ్ళీ ఒక్కసారే తొక్కాను. అదే గోడ. అలా నాకు తృప్తి కలిగేదాకా చేశాను. ఎవరూ తొందర పెట్టలేదు. హ్యాండు బ్రేకు రాడ్డు ఉందో లేదో చేత్తో లాగి చూసుకున్నాను. ఉంది. చేతికి కాస్త ఆకుపచ్చ రంగు కూడా అంటుకుంది.

"ఇంకొక్కటి," అన్నాను. "నట్టు నా ఒళ్ళో కూర్చోదు. బ్రేకు పడ్డప్పుడు నా చేతులు సరిపోవని నిన్న తెలిసింది. ఆ గుంట సీటు కావాలి. డ్రైవరు పక్కన, బెల్టుతో సహా."

మా ఆయన నోరు తెరిచాడు. వాళ్ళ నాన్న మొహం చూసి మూసుకున్నాడు. మామయ్య గొంతు సవరించుకుని, "ఎడమవైపు లోతు కిటికీ వైపుకి రావాలి. చిన్నపిల్ల ఒరిగినా గుంట లోపలికే ఒరగాలి," అన్నారు. నేరుగా మా ఆయనతోనే అన్నారు. ఆ సాయంత్రమే సీటు లోపలికి వెళ్ళింది. వెల్డింగు మా ఆయనది, పురమాయింపు మామయ్యది. ఎర్ర సోఫా పక్కన ఆ మాసిన సీటు, పెళ్ళిలో పనిమీద వచ్చిన మనిషిలా ఉంది. అయినా ఎవరూ వంక పెట్టలేదు.

రెండో సవారీకి మామయ్య కూడా ఎక్కారు. కిటికీ పక్కన నేను ముడుచుకుని, నా వెనక చెక్క పలక మీద మామయ్య, మధ్యలో గుంటలో దిగబడి, బెల్టు బిగించుకుని, మహారాణిలా నట్టు. లారీ మెల్లిగా పల్లం దిగింది. మంగలాయన మమ్మల్ని చూడగానే కుర్చీని, దాంట్లో మనిషితో సహా, లోపలికి లాగేసుకున్నాడు.

నా కాలు నాకు తెలీకుండానే కింద రేకుని తొక్కిపట్టి ఉంది.

"తొక్కూ!" అని అరిచింది నట్టు.

వాళ్ళ నాన్న తొక్కాడు. ఒక్కసారే. లారీ ఆగింది. సెలూనుకి ఇవతల, కావలసినంత ఖాళీ ఉండగానే ఆగింది. గుంటలో పిల్ల ఒక పక్కకి ఒరిగి, లోపలికే ఒరిగి, పకపకా నవ్వింది. నేను ఊపిరి వదిలాను. ఎంతసేపట్నుంచి బిగబట్టానో తెలీదు.

మా ఆయన గర్వంగా కొత్త హారను మోగించాడు. వీధి వీధంతా తలుపులు తెరిచి చూసింది.

మామయ్య ముందుకి వంగి నా చెవి దగ్గర, "అమ్మాయ్, ఆ హారను నక్క ఊళపెట్టినట్టుందని చెప్పు వాడికి," అన్నారు.

నేను నట్టు గుప్పిలి విప్పి చూస్తున్నాను. నాకు వినబడింది. అధికారికంగా మాత్రం అందలేదు.